ఆపితే తప్ప ఆగని బండి

కారు కొనాలనుకునే కుర్రాళ్లు ఇప్పటికీ నా దగ్గరికి వస్తుంటారు. అల్మాస్‌గూడలో మా గల్లీలో ఎవరింట్లో బండి మాట వచ్చినా ‘డీజిల్ తాతను అడుగుదాం పా’ అంటారట. వాళ్లకు కావలసింది మైలేజీ ఎంతిస్తుంది, మళ్లీ అమ్మితే ఎంతొస్తుంది అన్న రెండు ముక్కలే. నేను మాత్రం ఒక మధ్యాహ్నం కథ ఎత్తుకుంటాను. సగం కాకముందే ఫోన్ చూసుకుంటూ లేచిపోతారు. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను. చదివేవాళ్లు మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు కాబట్టి కోపం రాదు.

నేను ఎల్‌బీ నగర్ చౌరస్తా టాక్సీ అడ్డాలో ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఉద్యోగం అంటే నవ్వకండి. పొద్దున్నే స్నానం చేసి, ఖాకీ చొక్కా వేసుకుని, వేళకు పోయి నిలబడేదంతా ఉద్యోగమే. మాది నల్లగొండ పక్క పల్లె. నా బండి తెల్ల అంబాసిడర్, డీజిల్ ఇంజను. నా చేతికి వచ్చేసరికే అది ఇద్దరి దగ్గర నలిగి వచ్చింది.

డీజిల్ గురించి ముందు చెడే చెప్పేస్తాను. వణుకు, పొగ, మోత. గేరు రాడ్డు మీద చెయ్యి వేస్తే మోచేతి దాకా జిలపుట్టేది. సిగ్నల్ దగ్గర నిలబడితే వెనక కూర్చున్నవాళ్ల మాట కూడా వణుకుతూ వచ్చేది. తెల్ల చొక్కా వేసుకుని ఆ బండి వెనక నడిచిన మనిషి ఇంటికి పోయి నన్ను తిట్టకుండా అన్నం తిని ఉండడు.

ఇక మంచి. పెట్రోలు బండికి నిప్పురవ్వ కావాలి, ఆ రవ్వకు కరెంటు కావాలి. ఎక్కడ ఒక తీగ ఊడినా నడిరోడ్డు మీద అలిగి కూర్చుంటుంది. మా పాత డీజిల్‌కు ఆ బాధ లేదు. ఒక్కసారి అందుకుందంటే ట్యాంకులో డీజిల్ ఉన్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నా ఆగదు. స్టీరింగు కింద ఒక నల్ల నాబ్ ఉంటుంది. దాన్ని లాగి పట్టుకుంటే ఇంజనుకు డీజిల్ అందడం మానేస్తుంది. అప్పుడు బండి రెండుసార్లు ఊగి, ఇష్టం లేనట్టుగా ఆగుతుంది. కొత్తవాళ్లు ఎవరైనా ముచ్చటపడి నడిపితే, తాళం తీసేసి ‘ఇదేంది, ఆగుతలేదు’ అని పరేషాన్ అయ్యేవాళ్లు. నాకు అదొక వినోదం.

దాన్ని మొదలుపెట్టడమే కష్టం. బ్యాటరీ కొంచెం ముసలిదైతే చాలు, సెల్ఫ్ కొట్టగానే మూలిగి ఊరుకుంటుంది. అందుకే మా కాలం డీజిల్ డ్రైవర్లకు ఒక అలవాటు ఉండేది. ఎక్కడికి పోయినా నీడ కోసం కాదు, వాలు కోసం వెతికేవాళ్లం. వాలులో పెడితే బండిని దొర్లించి, రెండో గేరులో క్లచ్ వదిలితే దానంతటదే అందుకుంటుంది. అల్మాస్‌గూడలో ఇల్లు చూసుకున్నప్పుడు కూడా నేను గల్లీకి వాలుందా లేదా అనే చూశాను. నల్లా నీళ్లు వస్తాయా అని అడగడం మరిచిపోయాను. మా ఆవిడ ఆ సంగతి నిన్న కూడా ఎత్తిపొడిచింది.

అడ్డాలో నా పక్కన నిలబడే బండి గుడివాడ ఆయనది. పేరుతో ఎవరూ పిలిచేవాళ్లు కాదు, అందరికీ గుడివాడాయనే. నాకంటే నాలుగేళ్లు పెద్ద. నేను అన్నా అనేవాణ్ని, ఆయన నన్ను తమ్ముడూ అనేవాడు. ఆయనది కొత్త రకం పెట్రోలు కారు. ఏసీ ఉంది, బటన్ నొక్కితే దిగే అద్దాలున్నాయి. తాళం తిప్పితే నడుస్తున్నట్టే వినబడదు.

“నీది కారు కాదు తమ్ముడూ, పిండిమర. రేపు వచ్చేటప్పుడు మా ఆవిడ గోధుమలు పంపిస్తానంది” అనేవాడు.

“పంపియ్యే. నీ బండి ఆగిపోయిన నాడు గా పిండితోనే రొట్టెలు చేసుకోని తిందాం” అనేవాణ్ని.

రోజూ ఒకటే ముచ్చట. అయినా రోజూ నవ్వేవాళ్లం.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక అడ్డా మీద నవ్వులు తగ్గాయి. మా బండ్ల నంబరు ప్లేట్ల మీద ఏపీ చెరిపి టీజీ రాయించుకున్నాం. నాది అందరికంటే ముందు రాయించాను, అక్షరాలు కూడా అందరికంటే పెద్దవి. గుడివాడాయన ప్లేటు మాత్రం ఏపీగానే ఉంది, పైగా కృష్ణా జిల్లా నంబరు. ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. కానీ ఆయన బండి పక్కన చాయ్ తాగడం కొంతమంది మానేశారు. ఒకరోజు ఆయనే అడిగాడు.

“నిజం చెప్పు తమ్ముడూ. మీకు రాష్ట్రం వచ్చేస్తే నన్ను వెళ్లిపొమ్మంటారా?”

“నిన్నా? నువ్వు పోతే నా బండి ఎవడు నెడ్తడే?”

నవ్వాడు గానీ, కడుపులో నుంచి వచ్చిన నవ్వు కాదది. నాకు బాధేసింది. ఇంకేదైనా మంచి మాట చెప్పాల్సింది, నాకు తట్టలేదు.

ఇప్పుడు చీరలమ్మ గురించి చెప్పాలి. పోచంపల్లి నేత కుటుంబంలో పుట్టిన మనిషి. దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న చీరల దుకాణం, వనస్థలిపురంలో ఇల్లు. పెళ్లి కాని చెల్లెలు తోడు. నలభై దాటేసరికే ఆమెకు రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక దవాఖానలో డయాలసిస్ చేయించుకోవాలి. మిషన్ పెట్టి ఒంట్లో రక్తమంతా శుభ్రం చేసి మళ్లీ ఎక్కిస్తారు. ఒక్కసారి తప్పితే నీరు పట్టేస్తుంది, ఊపిరి ఆడదు. ఆమెను తీసుకుపోయి తీసుకొచ్చే పని నాది. ఏసీ కారులో కడుపులో తిప్పుతుందని, అద్దాలు దించుకుని నా పిండిమరలోనే వచ్చేది. దవాఖాన ముందు దిగుతూ “ఇగ ఆపెయ్యన్నా, డీజిల్ దండుగ” అనడం ఆమెకు అలవాటు.

సకల జనుల సమ్మె రోజులవి. ఆర్టీసీ బస్సులు డిపోల్లోనే ఉన్నాయి. బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. ఒక బంద్ రోజు ఆమెను తీసుకుపోలేకపోయాం. మర్నాటికి పాదాలు ఉబ్బాయి, రాత్రి పడుకుంటే ఆయాసం. ఈ తడవ తప్పితే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు చెల్లెలికి గట్టిగా చెప్పాడట.

ఆ తడవ రోజే ఎల్‌బీ నగర్ చౌరస్తాలో వంటా-వార్పు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చుని తినడం. విజయవాడ రోడ్డంతా ఆగిపోతుంది. అడ్డా డ్రైవర్లం మా బండ్లు రోడ్డుకు అడ్డంగా పెట్టాలని అనుకున్నాం. బరువైన బండి, పెద్ద అక్షరాల టీజీ, అందుకని అందరికంటే ముందు నాది. నాకు రాష్ట్రం కావాలి. ఆ మాట ఇప్పుడు కూడా సిగ్గుపడకుండా చెబుతాను. పిల్లల కొలువుల కోసం, మా ఊరి నీళ్ల కోసం నేను ఆ రోడ్డు మీద ఉండాలనుకున్నాను.

చీరలమ్మ సంగతి గుడివాడాయనకు అప్పగించాను.

“లోపలి గల్లీల్లోంచి తీసుకెళ్లిపోతానులే. నువ్వు నీ ఉద్యమం చూసుకో. ఏసీ కొంచెంగా వేసి, కుదుపు లేకుండా దించుతాను” అన్నాడు.

పొద్దున్నే బండి తెచ్చి అడ్డంగా పెట్టాను. ముక్కు దిల్‌సుఖ్‌నగర్ వైపుకు కాస్త తిరిగి ఉంది. ఇంతలో మైకు పెట్టేవాళ్లు వచ్చారు. కరెంటు లేదు, వాళ్ల బ్యాటరీ సరిపోవడం లేదు. ఎవరిదైనా బండి బ్యాటరీ ఇస్తారా అని అడుగుతున్నారు. పెట్రోలు బండ్లవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను ఊరుకుంటానా?

“నాది డీజిల్. నా బండికి బ్యాటరీతోని పనేంది? తీస్కపోండ్రి” అన్నాను, పదిమందికీ వినబడేట్టు. చప్పట్లు కూడా కొట్టారు.

ఆ బ్యాటరీతో పొద్దుటి నుంచి పాటలు, ప్రసంగాలు. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది, పక్కన పెద్ద గంజు గిన్నెలో పప్పు. నేను గరిటె పట్టుకుని తిప్పుతున్నాను. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ ఆగిపోయిన బండ్ల మధ్యలోంచి ముగ్గురు మనుషులు నడిచి వస్తూ కనబడ్డారు. మధ్యలో చీరలమ్మ, ఒక చెయ్యి చెల్లెలి భుజం మీద, ఒక చెయ్యి గుడివాడాయన చేతిలో. నాలుగడుగులకు ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటోంది. చేతిలో గరిటె పప్పులోనే వదిలేసి పరుగెత్తాను.

లోపలి గల్లీలన్నీ రాళ్లు, టైర్లు పెట్టి మూసేశారట. మెయిన్ రోడ్డుకు వస్తే లారీల మధ్య ఇరుక్కున్నాడు. ముందుకు లేదు, వెనక్కి లేదు. ఏం చేయాలో తెలియక నడిపించుకుంటూ వచ్చాడు. అంతలోనే నలుగురు యువకులు ఆయన చుట్టూ చేరారు.

“ఎవల్రా నువ్వు? ఏడికి పోతున్నవ్?”

“ఆవిడకి ఒంట్లో బాలేదండి. ఆస్పత్రికి వెళ్లాలండి బాబూ” అన్నాడు. ఆ రెండు ‘అండి’లు వినగానే వాళ్ల ముఖాలు మారాయి. ఒకడు ఆయన చొక్కా మీద చెయ్యి వేశాడు.

“ఓయ్, చెయ్యి తియ్! మా అన్న” అని అరిచాను. నా గొంతు మైకు కంటే పెద్దగా వచ్చింది. వాడు తీసేశాడు. అప్పుడు ఆ కుర్రాళ్లు ఆమె పాదాలు చూశారు. చెప్పుల్లో పట్టడం లేదు.

వంట చేస్తున్న ఒకామె చెంబుతో నీళ్లు తెచ్చింది. చీరలమ్మ పెదవులు తడుపుకుని చెంబు తిరిగి ఇచ్చేసింది. ఆ జబ్బులో నీళ్లు కూడా లెక్కే. ఆమె రోడ్డు వైపు చూసింది. వెనక లారీలు, బస్సులు, కార్లు, కనుచూపు మేర బండ్లే. ముందు కొత్తపేట వైపు ఒక్క బండి లేదు, నున్నగా ఊడ్చినట్టుంది.

ఆ ఖాళీ రోడ్డు ముందున్న బండి ఒక్కటే, అడ్డంగా పెట్టిన నా అంబాసిడర్.

“అన్నా, నీ బండి ఉన్నది గదా” అంది.

ఉంది. బ్యాటరీయే లేదు. మైకు దగ్గరికి పరుగెత్తి తీసుకొచ్చి బిగించి సెల్ఫ్ కొట్టాను. టక్కుమని ఒక చప్పుడు, అంతే. పొద్దుటి నుంచి అరిచి అరిచి దాని పని అయిపోయింది. చదును రోడ్డు, ఎక్కడా వాలు లేదు. జీవితమంతా వాలు వెతుక్కున్న మనిషిని, ఆరోజే చదునులో పెట్టాను.

మైకు మూగబోయింది కాబట్టి మాట్లాడుతున్న పెద్దమనిషి కిందికి దిగి వచ్చి సంగతి అడిగాడు. విన్నాక చేతులు పైకెత్తి గొంతుతోనే అరిచాడు: “అడ్డం తియ్యిండ్రి! నెట్టుండ్రి!”

పొయ్యిల దగ్గరి నుంచి, జెండాల కింది నుంచి జనం వచ్చారు. అక్కాచెల్లెళ్లను వెనక కూర్చోబెట్టాను. బండి ముక్కు సరిచేసి నెట్టారు. ఎండకు కాగి ఉన్నా పొద్దుటి నుంచి ఆగి ఉన్న ఇంజను. క్లచ్ వదిలితే ఒక దగ్గు, తెల్ల పొగ, మళ్లీ మౌనం. దాన్ని ఎన్ని మాటలు పొగిడానో అన్నీ గుర్తొచ్చాయి. అద్దంలో చూస్తే డిక్కీ మీద చేతులు పెట్టి గుడివాడాయన ఉన్నాడు. ఆయన పక్కన, ఇందాక చొక్కా పట్టుకున్నవాడు.

“ఇంకోసారి గట్టిగ, అన్నా!” అంటున్నాడు వాడు ఆయనతో.

“నేను దీన్ని చాలాసార్లు నెట్టానయ్యా. స్పీడు అందుకున్నాకే క్లచ్ వదలమను వాణ్ని” అంటున్నాడు ఆయన.

రెండోసారి పరుగెత్తించారు. స్పీడు అందుకున్నాక క్లచ్ వదిలాను. బండి ఒక్కసారి ముందుకు కుంగి, డగడగమని అందుకుంది. వెనక జనం ఒకటే కేక. నినాదమో సంతోషమో నాకు తెలియలేదు, నా కళ్లు మాత్రం తడిశాయి. గుడివాడాయన పరుగెత్తుకుంటూ వచ్చి ముందు సీట్లో పడ్డాడు.

బ్యాటరీ చచ్చింది, దాన్ని చార్జ్ చేసే డైనమో నాలుగు రోజుల కిందే చెడింది కాబట్టి హారన్ లేదు. కొత్తపేట దగ్గర మరో గుంపు రోడ్డు మీద కూర్చుని ఉంది. గుడివాడాయన తల బయటికి పెట్టి అరవడం మొదలుపెట్టాడు.

“తప్పుకోండి బాబూ! పేషెంటండి! తప్పుకోండమ్మా!”

కోస్తా గొంతు ఆ రోజు ఆ రోడ్డు మీద ఎవరికి నచ్చుతుంది? కర్ర పట్టుకున్న ఒకాయన బండికి ఎదురొచ్చాడు. ప్లేటు మీద టీజీ చూశాడు, కిటికీలో మొహం చూశాడు, లెక్క కుదరలేదు.

“బండేమో మనది. నువ్వెవడివి?”

“నేనా? ఈ బండికి హారన్నండి” అన్నాడు గుడివాడాయన.

ఆ కర్రాయనకే నవ్వొచ్చింది. వెనక సీట్లోకి తొంగిచూసి, నవ్వు ఆపి, జనాన్ని రెండు వైపులా జరిపాడు. చైతన్యపురి దాటేదాకా మా ముందు పరుగెత్తుతూ దారి చేశాడు. ఆయనెవరో నాకు ఇప్పటికీ తెలియదు.

దవాఖాన చేరాం. ఆమె దిగుతూ అలవాటుగా “ఆపెయ్యన్నా” అంది. మళ్లీ తనే నాలుక కరుచుకుంది. ఆపితే మళ్లీ నెట్టేది ఎవరు? రోడ్డంతా దుకాణాలు మూసి ఉన్నాయి, మనుషులు లేరు. ఆపలేదు. ఆమె డయాలసిస్ జరిగినంతసేపూ, నాలుగు గంటలు, ఇంజను నడుస్తూనే ఉంది. కాపలా మనిషి వచ్చి పొగ లోపలికి వస్తోందన్నాడు. గోడ పక్కకు జరిపాను. బండిలో కరెంటు లేదు కాబట్టి డీజిల్ చూపించే ముల్లు కూడా పనిచేయదు. బంకులు మూతపడ్డాయి. గుడివాడాయన వేపపుల్ల ఒకటి విరిచి ట్యాంకులో ముంచి తీశాడు. పుల్ల చివర బొటనవేలంత తడి.

“సరిపోతుందంటావా?” అన్నాడు.

“సరిపోవాలె” అన్నాను. నాకు తెలియదు.

ఆ నాలుగు గంటలూ ఇద్దరం ముందు సీట్లలో వణుకుతూ కూర్చున్నాం. అడ్డాలో చాయ్ దగ్గర నెలల తరబడి మాట్లాడుకోని మాటలన్నీ అక్కడ మాట్లాడుకున్నాం. ఇక్కడ పుట్టిన తన కూతురికి గుడివాడలో దారి కూడా తెలియదన్నాడు. వెళ్లిపొమ్మంటే ఎక్కడికని వెళ్లాలి అన్నాడు. నేను నా ఊరి సంగతి చెప్పాను, బావిలో పూడిక, ఫ్లోరైడు నీళ్లు, నాన్న వంగిపోయిన నడుము. ఆయన చాలాసేపు విన్నాడు.

సాయంత్రం ఆమె తన కాళ్ల మీద తాను నడిచి బయటికి వచ్చింది. ముఖంలో రంగు వచ్చింది.

“కిటికీల నుంచి నీ బండి చప్పుడు ఇనొస్తనే ఉన్నదన్నా. ఇటు దిక్కు మిషన్, అటు దిక్కు నీ బండి. రెండూ నడుస్తున్నయి గదా అని కళ్లు మూసుకోని పన్నా” అంది.

వంటా-వార్పు అయిపోయి దారి తెరిచారు. లారీల మధ్య వదిలేసిన తన కారు దగ్గర గుడివాడాయన దిగాడు. వనస్థలిపురంలో ఆమె ఇంటి గల్లీ మంచి వాలు. బండి ముక్కు దిగువకు తిప్పి పెట్టి, నాబ్ లాగాను. రెండుసార్లు ఊగి ఆగింది. అంతసేపు మోతకు అలవాటుపడిన చెవుల్లో ఒక్కసారిగా పిట్టల గోల. గేటు దగ్గర ఆమె గాబరాగా వెనక్కి తిరిగింది.

“అయ్యో, ఆగిపాయెనా అన్నా?”

“ఆగిపోలేదమ్మా. నేనే ఆపిన.”

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మళ్లీ ఏడ్చేవాణ్నే, గబగబా బండి దొర్లించుకుని వచ్చేశాను.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ప్లేట్ల మీద టీఎస్ రాయమన్నారు, రాయించాను. చాలా ఏళ్లకు మళ్లీ టీజీ అన్నారు. నేను ఎప్పుడో రాసుకున్నదే కదా, సర్కారు నాకంటే ఆలస్యంగా వచ్చింది. గుడివాడాయన ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు ఆయన మనవడు మా ఆవిడతో ‘ఏంది అమ్మమ్మా’ అని మాట్లాడితే ఆయన తల పట్టుకుంటాడు. చీరలమ్మకు చెల్లెలు తన కిడ్నీ ఒకటి ఇచ్చింది. దుకాణం మళ్లీ తెరిచారు.

బండికి మాత్రం వయసైపోయింది. ఆర్టీఏ ఆఫీసులో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇక ఇచ్చేది లేదన్నారు. నేనూ నడపడం మానేశాను. మా గల్లీ వాలులో నిలబెట్టి, ఆదివారం ఆదివారం స్టార్ట్ చేసి వినేవాణ్ని. పోయినేడు పాత సామానాయన్ను పిలిచాను. ఈ కబురు ఎట్లా తెలిసిందో, చీరలమ్మ ఆటో కట్టించుకుని వచ్చింది. గుడివాడాయన కర్ర ఊతంతో ముందే వచ్చి కూర్చున్నాడు.

“నడుస్తదా సార్?” అన్నాడు పాత సామానాయన, నమ్మకం లేకుండా.

బ్రేకు వదిలాను. నాలుగు గజాలు దొర్లి, అందుకుంది. గల్లీ అంతా పొగ. అతను బాగా ఉందంటూ, లాక్కుపోవడానికి తెచ్చిన లారీకి తాళ్లు సర్దాడు, ఇక ఆపమన్నాడు. నా చెయ్యి నాబ్ దాకా పోయి అక్కడే ఉండిపోయింది. లాగలేకపోయాను. గుడివాడాయన వైపు చూస్తే ఆయన మొహం తిప్పుకున్నాడు.

చీరలమ్మ కిటికీ దగ్గరికి వచ్చి, నా చెయ్యి పక్కకు జరిపి, నాబ్ పట్టుకుని నెమ్మదిగా లాగింది. బండి రెండుసార్లు ఊగి ఆగింది.

పాత సామానాయన తాడు వదిలేసి గబగబా వచ్చాడు. “ఏమైందమ్మా, ఆగిపోయిందా?”

“ఆగిపోలేదు బిడ్డా” అంది ఆమె. “నేనే ఆపిన.”